పళ్లొచ్చే వేళ పసిబిడ్డ ఏడుపు, చెడే నిద్ర: ఏది మామూలు, ఏది ప్రమాద సంకేతం?

ఆరు నెలలు దాటిన బిడ్డ రాత్రి రెండింటికి లేచి ఏడుపు అందుకుంటే ఇంట్లో ముందుగా వినిపించే మాట ‘పళ్లొస్తున్నాయిలే’. ఒళ్లు వెచ్చగా ఉన్నా అదే మాట, విరేచనాలవుతున్నా అదే మాట. పక్కింటివాళ్లూ అదే చెబుతారు. మందుల షాపులో ఒక్కోసారి అదే చెప్పి, జెల్లో తీపి మాత్రలో చేతిలో పెడతారు.

ఈ మాటలో నిజం లేకపోలేదు. పన్ను చిగుళ్లలోంచి బయటకు వచ్చే కొద్ది రోజులు బిడ్డకు చికాకుగానే ఉంటుంది. కానీ ఆ వయసులో వచ్చే ప్రతి ఇబ్బందినీ పంటి మీదకు నెట్టేస్తే రెండు నష్టాలు జరుగుతాయి. ఒకటి, అసలు జబ్బుకు వైద్యం ఆలస్యమవుతుంది. రెండోది, చిన్న నొప్పికి పెద్ద మందు పడుతుంది. ఈ రెండు రకాలుగానూ పిల్లల ప్రాణాల మీదకు వచ్చిన సందర్భాలున్నాయి.

అందుకే పళ్లు రావడం వల్ల ఏమవుతుంది, ఏమవదు, రాత్రుళ్లు నిద్ర ఎందుకు చెడుతుంది, ఏ మందు పనికొస్తుంది, ఏది ప్రమాదం అన్నవి విడివిడిగా తెలుసుకోవడం అవసరం.

పళ్లు ఎప్పుడు, ఏ వరసలో వస్తాయి?

పాలపళ్లు మొత్తం 20. బిడ్డ తల్లి కడుపులో ఉండగానే ఇవి తయారవడం మొదలవుతుంది. పుట్టేనాటికి దవడ ఎముకలో, చిగుళ్ల కింద ఉంటాయి.

ఎక్కువ మంది పిల్లల్లో ముందుగా కనిపించేవి కింది దవడలో మధ్యనుండే రెండు పళ్లు. ఇవి 6 నుంచి 10 నెలల మధ్య వస్తాయి. పై దవడలోని మధ్య పళ్లు 8 నుంచి 12 నెలల మధ్య, వాటి పక్కనుండే పళ్లు 9 నుంచి 16 నెలల మధ్య వస్తాయి. మొదటి దవడపళ్లు 13 నుంచి 19 నెలల్లో, కోరపళ్లు 16 నుంచి 23 నెలల్లో, చివరి దవడపళ్లు 23 నుంచి 33 నెలల్లో బయటపడతాయి.

ఇవి సగటు లెక్కలు. కొందరికి నాలుగో నెలలోనే పన్ను కనిపిస్తుంది, కొందరికి ఏడాది నిండాక కానీ రాదు. అరుదుగా పంటితోనే పుట్టే పిల్లలూ ఉంటారు. 18 నెలలు వచ్చినా ఒక్క పన్ను కూడా రాకపోతే దంత వైద్యులకు చూపించాలి.

పై పళ్లు ముందు వస్తే మేనమామకు గండమనే నమ్మకం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. వరస తారుమారు కావడం కొందరు పిల్లల్లో సహజంగా జరిగేదే. దానితో బిడ్డకు గానీ మేనమామకు గానీ ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. మొదటి పంటికీ ఇరవయ్యో పంటికీ మధ్య దాదాపు రెండేళ్లు గడుస్తాయి. ఈ రెండేళ్లలో బిడ్డకు ఏ రోజు జబ్బు చేసినా, ఆ దగ్గర్లో ఏదో ఒక పన్ను వస్తూనే ఉంటుంది. పంటి మీద నింద పడటం అంత తేలిక కావడానికి కారణం ఇదే.

పరిశోధనల్లో తేలిందేమిటి?

పళ్లొచ్చేటప్పుడు ఏమైందని తల్లిదండ్రులను కొన్ని నెలల తర్వాత అడిగితే, గుర్తున్న చెడ్డ రాత్రులే చెబుతారు. సంగతి తేలాలంటే రోజువారీగా రాసిపెట్టాలి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు అదే చేయించారు. 125 మంది పిల్లల తల్లిదండ్రులు రోజూ లక్షణాలు నమోదు చేశారు. ఆ కాలంలో వచ్చిన 475 పళ్లను వాటితో పోల్చి చూశారు. ఫలితాలు 2000లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చాయి.

పన్ను బయటపడటానికి ముందు 4 రోజులు, బయటపడిన రోజు, ఆ తర్వాత 3 రోజులు. ఈ 8 రోజుల్లో కొన్ని లక్షణాలు మిగతా రోజులకంటే ఎక్కువగా కనిపించాయి. దొరికినదల్లా కొరకడం, చొంగ కార్చడం, చిగుళ్లు రుద్దుకోవడం, చప్పరించడం, చికాకు, మెలకువగా ఉండటం, చెవి రుద్దుకోవడం, ముఖం మీద దద్దుర్లు, ఘనాహారం తగ్గించడం, ఒంటి వేడి స్వల్పంగా పెరగడం ఆ జాబితాలో ఉన్నాయి.

దగ్గు, ముక్కు దిబ్బడ, పలచటి విరేచనాలు, వాంతులు, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం మాత్రం పళ్లతో ముడిపడి కనిపించలేదు. పళ్లతో సంబంధం ఉందని తేలిన లక్షణాలు కూడా పిల్లలందరిలో రాలేదు. ఏ ఒక్క లక్షణమూ 35 శాతం మందికి మించి కనిపించలేదు. అంటే బిడ్డ తీరు చూసి పన్ను వస్తోందని కచ్చితంగా చెప్పడం కుదరదు.

2016లో బ్రెజిల్ పరిశోధకులు 16 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. ఎక్కువగా కనిపించినవి చిగుళ్లలో చికాకు, బిడ్డ చిరాకుపడటం, చొంగ కార్చడం. ఒంటి వేడి కాస్త పెరగొచ్చు కానీ జ్వరం అనదగ్గ స్థాయికి చేరదని వాళ్లు తేల్చారు.

మన పాత వైద్య గ్రంథాలు కూడా ఈ విషయాన్ని పట్టించుకున్నాయి. కాశ్యప సంహితలో పళ్లు రావడంపై ఒక అధ్యాయమే ఉంది. వాగ్భటుడి అష్టాంగ హృదయం పళ్ల రాకను రోగాలన్నిటికీ మూలంగా చెబుతూనే, వాటి పేరుతో బిడ్డను అతిగా కట్టడి చేయొద్దని, పళ్లు వచ్చాక ఆ బాధలు వాటంతటవే తగ్గుతాయని కూడా చెబుతుంది. మొదటి మాట జనంలో నిలిచింది, రెండో మాట అంతగా వినిపించదు.

ఆరో నెలలో ఇంకా ఏం జరుగుతాయి?

పన్ను ఒంటరిగా రాదు. అది వచ్చే సమయానికే బిడ్డ జీవితంలో మరికొన్ని మార్పులు వస్తాయి.

పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డకు అందిన రక్షక ప్రోటీన్లు, అంటే యాంటీబాడీలు, 6 నెలలకు బాగా తగ్గిపోతాయి. బిడ్డ సొంత రోగనిరోధక శక్తి ఇంకా పూర్తిగా కుదురుకోదు. అందుకే జలుబులు, జ్వరాలు ఈ వయసులో ఎక్కువ.

అదే సమయంలో తల్లిపాలతో పాటు ఉగ్గు, మెత్తటి అన్నం, పప్పు మొదలుపెడతారు. కొత్త ఆహారంతో పాటు గిన్నెల మీది, నీళ్లలోని, చేతుల మీది క్రిములు కూడా కడుపులోకి చేరతాయి. బిడ్డ పాకడం మొదలుపెట్టి, నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. చిగుళ్లు దురదగా ఉన్నప్పుడు ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి పళ్లొచ్చే రోజుల్లో విరేచనాలు కావడం అబద్ధం కాదు. అవి పంటివల్ల వచ్చినవి కావు, అంతే.

ఉద్యోగం చేసే తల్లులకు మరో మార్పు. 2017లో చేసిన చట్ట సవరణ నుంచి మొదటి ఇద్దరు పిల్లల విషయంలో 26 వారాల సెలవు దొరుకుతుంది. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. మొత్తం కాన్పు తర్వాతే వాడుకున్నా సెలవు ముగిసేసరికి బిడ్డకు 6 నెలలు. సరిగ్గా తొలి పన్ను వచ్చే సమయానికి తల్లి పగలంతా దూరమవుతుంది, చూసుకునే మనిషి మారుతుంది. ఆ రాత్రి బిడ్డ తల్లిని వదలకుండా ఏడిస్తే, అది చిగుళ్ల నొప్పి ఒక్కటే కాకపోవచ్చు.

జ్వరం, విరేచనాలు వస్తే?

థర్మామీటర్‌లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ చూపిస్తే అది జ్వరం. దానికి కారణం వెతకాలి. పంటి ఖాతాలో వేయకూడదు. 3 నెలల లోపు బిడ్డకు ఆ స్థాయిలో జ్వరం వస్తే వేరే ఆలోచన లేకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నోటిలో వచ్చే ఒక ఇన్ఫెక్షన్ ముఖ్యంగా పళ్ల రాకలాగే కనిపిస్తుంది. హెర్పిస్ వైరస్ మొదటిసారి సోకినప్పుడు చిగుళ్లు ఎర్రగా వాచి, చిన్న పుళ్లు లేచి, చొంగ కారుతుంది. బిడ్డ పాలు పట్టనివ్వదు, జ్వరం ఉంటుంది. పళ్లొచ్చే బాధతో వచ్చారని అనుకున్న 20 మంది పసిపిల్లలను అమెరికాలో 1992లో పరీక్షిస్తే 9 మందిలో ఈ వైరస్ కనిపించింది. కాబట్టి నోట్లో పుళ్లు ఉన్నాయేమో వెలుతురులో ఒకసారి చూడటం మంచిది.

విరేచనాలవుతుంటే మొదటి పని ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం, పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో పూర్తిగా కలపాలి. రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 ఎంఎల్ దాకా చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. 6 నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇవ్వాలి. 2 నుంచి 6 నెలల బిడ్డకైతే 10 మిల్లీగ్రాములు. ఇవి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో దొరుకుతాయి.

షాపుల్లో ‘ఓఆర్ఎస్’ పేరుతో అమ్మిన తీపి పండ్ల రసాలు అసలు ఓఆర్ఎస్ కావు. వాటిలో చక్కెర ఎక్కువ కావడంతో విరేచనాలు పెరిగే ప్రమాదం ఉంది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. డబ్బా మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనాలి.

పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు పెద్ద కారణం రోటావైరస్. దీని టీకాను సార్వత్రిక టీకా కార్యక్రమంలో 2016లో తొలి విడతగా ప్రవేశపెట్టిన 4 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో వేసే ఈ చుక్కలు బిడ్డకు పడ్డాయో లేదో టీకా కార్డులో చూసుకోవాలి.

రాత్రి నిద్ర చెడేది పంటివల్లేనా?

పన్ను బయటపడే ఆ కొద్ది రోజులు నిద్ర కాస్త చెదిరే అవకాశం ఉంది. కానీ నెలల తరబడి చెడిన నిద్రకు పన్ను కారణం కాదు.

2025లో ‘జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్స్’లో వచ్చిన ఒక అధ్యయనం ఊయల పైన అమర్చిన కెమెరాలతో పిల్లల నిద్రను నమోదు చేసింది. పళ్లు వస్తుంటే నిద్ర చెడిపోయిందని చాలామంది తల్లిదండ్రులు చెప్పారు. కెమెరాలో మాత్రం పళ్లొచ్చే రాత్రులకూ మామూలు రాత్రులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తల్లిదండ్రులు అబద్ధం చెప్పారని దీని అర్థం కాదు. ఈ వయసులో రాత్రి లేవడం అంత సాధారణం.

కెనడాలో 2018లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం 6 నెలల పిల్లల్లో దాదాపు 38 శాతం మంది రాత్రి ఏకధాటిగా 6 గంటలు కూడా నిద్రపోవడం లేదు. ఏడాది పిల్లల్లోనూ ఇలాంటివారు 28 శాతం ఉన్నారు. పగటి కునుకులు కలిపి 4 నుంచి 12 నెలల పిల్లలకు రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర అవసరమని నిద్ర నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. ఆ నిద్ర ముక్కలుగా సాగడం సహజం.

ఎనిమిదో నెల దగ్గర బిడ్డకు తల్లి తన నుంచి వేరే మనిషని, ఆమె కనబడకుండా పోగలదని అర్థమవుతుంది. మెలకువ వచ్చినప్పుడు పక్కన ఎవరూ లేకపోతే భయపడి ఏడుస్తుంది. బోర్లా పడటం, కూర్చోవడం, పట్టుకుని నిలబడటం నేర్చుకునే రోజుల్లో అర్ధరాత్రి కూడా ఆ విద్య ప్రదర్శిస్తుంది.

కొన్ని కారణాలకు మాత్రం వైద్యం కావాలి. పడుకోబెట్టగానే ఏడుపు పెరిగి, ఎత్తుకుంటే తగ్గి, జ్వరం లేదా జలుబు కూడా ఉంటే చెవిలో ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. పళ్లొచ్చేటప్పుడూ పిల్లలు చెవి లాక్కుంటారు కాబట్టి ఇది తేలిగ్గా పొరబాటు పడే చోటు.

రక్తహీనత మరో కారణం. శరీరంలో ఇనుము తగ్గిన పిల్లల్లో నిద్ర కలతగా ఉండే అవకాశం ఎక్కువ. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 6 నుంచి 59 నెలల పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు దేశంలో 67.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. 6 నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక ఎంఎల్ చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్ సిరప్ ఇవ్వాలన్నది ‘అనీమియా ముక్త్ భారత్’ కార్యక్రమంలో భాగం. ఆశా కార్యకర్తను అడిగితే చెబుతారు.

చిగుళ్ల బాధ తగ్గడానికి ఏం చేయాలి?

పనికొచ్చే చిట్కాలు కొన్నే. అన్నీ తేలికైనవే.

సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కుని, గోరు తగలకుండా వేలి కొసతో చిగుళ్లను ఒకటి రెండు నిమిషాలు మెల్లగా రుద్దాలి. పైకి నెట్టుకొస్తున్న పంటికి ఎదురు ఒత్తిడి తగలడంతో బిడ్డకు హాయిగా ఉంటుంది.

శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డను కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి, ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి నమలడానికి ఇవ్వొచ్చు. గట్టి రబ్బరు లేదా సిలికాన్ టీతర్‌ను కూడా ఫ్రిజ్‌లో చల్లబరచొచ్చు. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు, చిగుళ్లకు గాయమవుతుంది. లోపల ద్రవం నింపినవి పగిలే ప్రమాదం ఉంది కాబట్టి వద్దు. బొమ్మలు కొంటే ఐఎస్ఐ గుర్తు చూడాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అది తప్పనిసరి.

చల్లటి పెరుగు, మెత్తగా మెదిపిన పండు లాంటివి ఘనాహారం మొదలుపెట్టిన పిల్లలకు ఊరటనిస్తాయి. పచ్చి క్యారట్ ముక్క, గట్టి జంతిక చేతికి ఇవ్వకూడదు. కొత్తగా వచ్చిన పళ్లతో బిడ్డ ముక్క కొరకగలదు కానీ నమలలేదు. అది గొంతుకు అడ్డం పడుతుంది. తీపి రస్కులు, బిస్కెట్లు పళ్లకు మంచివి కావు.

చొంగను మెత్తటి గుడ్డతో అద్దుతూ తుడవాలి. గడ్డం, మెడ మడతల్లో పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే దద్దుర్లు తగ్గుతాయి.

పాలు తాగుతూ బిడ్డ కొరికితే గట్టిగా వెనక్కి లాగకుండా, శుభ్రమైన చిటికెన వేలును బిడ్డ నోటి మూలలోంచి చిగుళ్ల మధ్యకు పోనిచ్చి విడిపించాలి. పాలు పట్టే ముందు చిగుళ్లు రుద్దితే కొరకడం తగ్గుతుంది.

పారాసిటమాల్ వేయొచ్చా?

ఇవన్నీ చేసినా బిడ్డ బాధపడుతుంటే, వైద్యుల సలహాతో ఒకటి రెండు రోజులు పారాసిటమాల్ వేయొచ్చు. కొలత బిడ్డ వయసును బట్టి కాక బరువును బట్టి ఉంటుంది. ఒకసారికి కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. రెండు డోసుల మధ్య 4 నుంచి 6 గంటల విరామం ఉండాలి, 24 గంటల్లో 4 సార్లకు మించకూడదు.

మన దేశంలో పొరబాటు జరిగేది సీసా దగ్గర. చుక్కల మందులో సాధారణంగా ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. సిరప్‌లో 5 ఎంఎల్‌కు 120 లేదా 125 మిల్లీగ్రాములు, ఇంకో రకంలో 250 మిల్లీగ్రాములు ఉంటాయి. 8 కిలోల బిడ్డకు ఒకసారికి గరిష్ఠంగా 120 మిల్లీగ్రాములు. చుక్కల మందైతే అది ఒక ఎంఎల్‌కు కాస్త పైన, 120 మిల్లీగ్రాముల సిరప్ అయితే 5 ఎంఎల్. సిరప్ అనుకుని చుక్కల మందు 5 ఎంఎల్ పోస్తే ఒకేసారి 500 మిల్లీగ్రాములు పడతాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి సీసా మారినప్పుడల్లా లేబుల్ చదవాలి. ఇంటి చెంచాతో కాకుండా మందుతో వచ్చిన కొలత గొట్టంతోనే పోయాలి.

ఆస్పిరిన్ పిల్లలకు అసలు ఇవ్వకూడదు. ఐబుప్రోఫెన్ వైద్యులు చెబితేనే వాడాలి. డెంగీ అనుమానం ఉన్నా, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా అది ప్రమాదకరం.

ఏవి వాడకూడదు?

పళ్ల నొప్పికి వాడిన మందుల చరిత్ర అంత మంచిది కాదు. 1839లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఐదు వేలకు పైగా మరణాలకు కారణం ‘పళ్లు రావడం’ అని నమోదు చేశారు. అసలు కారణాలు అంటురోగాలు, పోషకాహార లోపం, ఇచ్చిన మందులు. 20వ శతాబ్దం మధ్య దాకా పళ్ల పొడుల్లో పాదరస లవణం ఉండేది. దానివల్ల పిల్లల చేతులు, కాళ్లు గులాబీ రంగుకు మారి, నొప్పితో విలవిల్లాడే జబ్బు వచ్చేది. ఆ పొడులను మార్కెట్ నుంచి తీసేశాక జబ్బు దాదాపు కనుమరుగైంది. మన దగ్గర బొంబాయి మిల్లు కార్మికుల ఇళ్లలో పిల్లలను నిద్రపుచ్చడానికి నల్లమందు ఉండలు పెట్టేవారు.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సినవి ఇవి.

చిగుళ్లను మొద్దుబార్చే జెల్లు: బెంజోకైన్ ఉన్న జెల్ వల్ల రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను అందించలేని రూపంలోకి మారే ప్రమాదం ఉంది. పెదాలు, గోళ్లు నీలంగా మారి ప్రాణం మీదకు వస్తుంది. రెండేళ్ల లోపు పిల్లల కోసం వీటిని అమ్మడం ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 మేలో కంపెనీలకు చెప్పింది. లిడోకైన్ ద్రావణాన్ని పళ్ల నొప్పికి వాడొద్దని 2014లోనే హెచ్చరించింది. ఎక్కువ మోతాదు లోపలికి పోతే ఫిట్స్ వస్తాయి, గుండె లయ దెబ్బతింటుంది. కోలీన్ సాలిసిలేట్ ఉన్న నోటి జెల్లు 16 ఏళ్ల లోపు వారికి వద్దని బ్రిటన్ 2009లో చెప్పింది. ఇది ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన మందు. పైగా చొంగతో జెల్ నిమిషాల్లో కొట్టుకుపోతుంది కాబట్టి ప్రయోజనమూ తక్కువే.

పళ్ల కోసం అమ్మే హోమియో తీపి మాత్రలు: బెల్లడోనా అనే విష మొక్క నుంచి తయారైన కొన్ని మాత్రల్లో ఆ పదార్థం లేబుల్‌పై రాసినదానికంటే ఎక్కువగా ఉన్నట్లు 2017 జనవరిలో ఎఫ్‌డీఏ పరీక్షల్లో తేలింది. మాత్రకూ మాత్రకూ మోతాదులో పొంతన లేదు.

నిద్ర కోసం జలుబు, దగ్గు సిరప్‌లు: ఇవి మత్తు కలిగిస్తాయి, పసిపిల్లల శ్వాసను దెబ్బతీయగలవు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 2025 అక్టోబరులో సూచించింది. అంతకు కొద్ది రోజుల ముందే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష ద్రావకం కలిసిన దగ్గు సిరప్ తాగి కిడ్నీలు చెడిపోయి పిల్లలు చనిపోయారు. ఆ ఘటనలో మృతుల సంఖ్య 20 దాటింది. నైజీరియాలో 2008-09లో ఇదే విషం కలిసిన, పళ్లొచ్చే పిల్లల కోసం అమ్మిన సిరప్ వల్ల 80 మందికి పైగా పిల్లలు ప్రాణాలు కోల్పోయారు.

మెడలో గొలుసులు: నొప్పి లాగేస్తాయని ఆన్‌లైన్‌లో అమ్మే ఆంబర్ పూసల దండలకు ఆధారం లేదు. పడుకున్నప్పుడు అలాంటి దండ గొంతుకు బిగుసుకుని 18 నెలల బిడ్డ చనిపోయిందని ఎఫ్‌డీఏ 2018లో తెలిపింది. దిష్టి కోసం మెడలో కట్టే నల్లతాడుకూ ఇదే ప్రమాదం వర్తిస్తుంది.

ఇంటి మందులు: ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. అందులో ఉండే బ్యాక్టీరియా బీజాల వల్ల బోట్యులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు రావచ్చు. తేనెలో వస కొమ్ము అరగదీసి పెట్టినా అంతే. నిద్ర కోసం జాజికాయ అరగదీసి పెట్టే అలవాటులో ఎంత మోతాదు లోపలికి పోతుందో కొలవలేం. చిగుళ్లకు బ్రాందీ రాయడం అంటే బిడ్డకు మద్యం పట్టడమే.

ఆ కొద్ది రాత్రులు గడిచేదెలా?

పడుకోబెట్టే ముందు చేసే పనుల వరస మార్చకూడదు. గోరువెచ్చటి స్నానం, చిగుళ్లు రుద్దడం, పాలు, జోలపాట, మసక వెలుతురు. రోజూ ఇదే క్రమం ఉంటే నిద్ర వేళ అని బిడ్డకు తెలుస్తుంది.

రాత్రి లేచినప్పుడు వెంటనే దీపాలన్నీ వేయకుండా, ఒక నిమిషం ఆగి, వీపు మీద నిమురుతూ మెల్లగా మాట్లాడితే కొందరు మళ్లీ నిద్రపోతారు. నొప్పి ఉన్న రెండు మూడు రాత్రులు ఎత్తుకుని ఊరడించడంలో తప్పేమీ లేదు. నొప్పి తగ్గాక పాత అలవాటుకు తీసుకురావచ్చు. ప్రతి ఏడుపుకూ పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం మాత్రం మంచిది కాదు. రాత్రంతా పళ్ల మధ్య పాలు నిలిచి, కొత్త పళ్లు పుచ్చిపోతాయి.

బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీదే పడుకోబెట్టాలి. టీతర్‌ను తాడుతో మెడకు గానీ ఊయలకు గానీ కట్టకూడదు.

తల్లి ఒక్కతే రాత్రంతా మేలుకుంటే ఆమె ఆరోగ్యం దెబ్బతింటుంది. రాత్రిని రెండు భాగాలుగా పంచుకుని తండ్రి, అమ్మమ్మ, నానమ్మల్లో ఒకరు ఒక వంతు చూసుకుంటే, ఆమెకు వరసగా నాలుగైదు గంటల నిద్ర దొరుకుతుంది. నిద్రలేక ఓపిక నశించినప్పుడు బిడ్డను సురక్షితంగా పడుకోబెట్టి పక్క గదిలోకి వెళ్లడం నయం. కోపంలో బిడ్డను ఊపేస్తే మెదడుకు గాయమవుతుంది.

ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు ఎప్పుడు చూపించాలి?

- 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం ఒక రోజుకు మించి ఉన్నా, 102 దాటినా.
- నీళ్ల విరేచనాలు ఆగకపోయినా, విరేచనంలో రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా.
- 6 గంటలకు పైగా మూత్రం పోయకపోయినా, కళ్లు లోతుకు పోయినా, మాడు గుంటపడినా.
- పాలు తాగడం మానేసినా, మగతగా ఉండి లేపినా లేవకపోయినా.
- ఊపిరి ఎగపోస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పెదాలు నీలంగా మారినా.
- నోట్లో పుళ్లు ఉన్నా, చెవి నుంచి చీము కారినా.
- గంటల తరబడి ఎంత ఊరడించినా ఏడుపు ఆగకపోయినా.

ఇందులో ఏ ఒక్కటీ పళ్లొచ్చే లక్షణం కాదు. డాక్టర్ పరీక్షించి వేరే జబ్బేమీ లేదని తేల్చాకే ‘పళ్లొస్తున్నాయి’ అన్న మాట అనుకోవాలి.

మొదటి పన్ను కనిపించాక

తొలి పన్ను కనిపించిన రోజు నుంచే దాన్ని శుభ్రం చేయడం మొదలుపెట్టాలి. మెత్తటి పసిపిల్లల బ్రష్ మీద బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమాలి. నల్లగొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న గ్రామాలవారు పేస్టు విషయం దంత వైద్యులను అడిగి నిర్ణయించుకోవాలి. ఏడాది నిండేలోపు ఒకసారి దంత వైద్యులకు చూపించడం మంచిది.

ఎలాగూ ఊడిపోయే పళ్లే కదా అన్న నిర్లక్ష్యం పనికిరాదు. ఈ పాలపళ్లతోనే బిడ్డ నమలడం, మాటలు పలకడం నేర్చుకుంటుంది. చివరి పాలపన్ను ఊడేది 12 ఏళ్ల వయసు దగ్గర. అప్పటిదాకా శాశ్వత దంతాలకు చోటు కాపాడేవి ఇవే.